ర్యాంపు మీద రెండు చెక్కలు

హారన్ మోగింది. ఒకసారి కాదు, రెండుసార్లు.

సీతామహాలక్ష్మి అప్పటికే సెల్లారు ర్యాంపు మొదట్లో బోర్లా పడి ఉంది. పొద్దున్న ఆరున్నర. పంజాగుట్టలో ఆ సందు ఇంకా పూర్తిగా మేలుకోలేదు. నడుములో ఏదో పుటుక్కుమంది. ఎడమకాలు తనది కానట్టు పక్కకి పడి ఉంది. చేతిలోంచి జారిన టేకు చెక్క మోచేతి పక్కన పడింది కాబట్టి సరిపోయింది, చేతి మీద పడి ఉంటే ఎముక నుగ్గయ్యేది. ఇంత జరిగినా ఆవిడకి ముందు తెలిసింది నొప్పి కాదు... ఆ హారన్! వెనకాల గుర్రుమంటున్న ఎర్ర కారులో కూర్చున్నది పరాయివాడా? ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మొగుడు. పెళ్ళాం కిందపడితే పరుగెత్తుకు రావాల్సిన మనిషి, తొందరగా కానియ్యమని హారన్ కొట్టాడు.

ఆయన్ని పూర్తిగా అనడానికీ లేదు. ఆయనకి కనిపించలేదు. నేలకి జానెడెత్తున, కాళ్ళు బార్లా చాపుకుని, పడుకున్నట్టు కూర్చుని నడిపే స్పోర్ట్స్ కారు అది. ముందర ఇంత పొడుగు మూతి. దాని ఎదురుగా మనిషి నిలబడితే నడుము పైనుంచి కనిపిస్తుంది, పడిపోతే అసలు కనిపించదు. పక్కకి తప్పుకుందనుకుని ముందుకి పోనిచ్చి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వాచ్‌మన్ రాజనర్సయ్య చీపురు పారేసి అడ్డం ఉరికాడు కాబట్టి బతికిపోయింది.

"ఆపుండ్రి సార్, ఆపుండ్రి! అమ్మ పడ్డది."

హనుమత్ప్రసాద్ ఆ కారులోంచి దిగడానికే అర నిమిషం పట్టింది. దిగి, భార్యని చూసి, కొయ్యబారిపోయాడు. "సీతా... ఏమైంది సీతా?" అంటూ భుజం కింద చెయ్యి వేశాడు. ఆవిడ కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. ఏడవలేదు. "మీకు బ్యాచ్‌కి టైమవుతోంది" అంది. చూశారా, నడుం విరిగి పడున్నా ఆవిడ నోట వచ్చిన మాట అది!

అసలీ కారు ఈ ఇంటికెలా వచ్చిందో చెప్పాలి. లేకపోతే ఎవరికీ అర్థం కాదు.

హనుమత్ప్రసాద్‌ది తణుకు దగ్గర పల్లె. అమీర్‌పేటలో మూడో అంతస్తులో కంప్యూటర్ కోర్సులు చెబుతాడు. అప్పటికి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకో మాట లేదు. జిల్లాల నుంచి బస్సు దిగిన పిల్లలు బ్యాగులు భుజాన వేసుకుని తిన్నగా అమీర్‌పేటకే వచ్చేవాళ్ళు. గోడ కనిపిస్తే బోర్డు, స్తంభం కనిపిస్తే కాగితం. ఆయన బాగా చెబుతాడని పేరుంది. కానీ ఒకరోజు గుంటూరు వైపు నుంచి ఒక పెద్దమనిషి కొడుకుని తీసుకొచ్చి, మెట్ల కింద స్కూటర్ స్టాండు వేస్తున్న ఈయన్ని చూసి, "సారు మీరేనా? మీరే ఇంకా స్కూటర్ మీద తిరుగుతుంటే మావాడికి లక్షల ఉద్యోగం ఏం నేర్పుతారండీ?" అని నవ్వేసి, పిల్లాణ్ణి పక్క బిల్డింగులో చేర్పించాడు. నలుగురిలో అన్నాడు. ఆ మాట హనుమత్ప్రసాద్‌కి ముల్లులా దిగిపోయింది. ఆ పూట అన్నం తినలేదు.

రెండేళ్ళు తిరిగేసరికి బ్యాచులు నిండాయి. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దింటి కుర్రవాడు మోజు తీరి అమ్మేస్తున్న ఎర్ర స్పోర్ట్స్ కారు ఈయన కొన్నాడు. సరిగ్గా తన బోర్డు కిందే నిలబెట్టాడు. అంతే! బస్సు దిగిన పిల్లలు ముందు కారు దగ్గర ఆగేవాళ్ళు, తరవాత తలెత్తి బోర్డు చదివేవాళ్ళు. "ఇది ఈ సారుదంటరా భాయ్" అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుని మెట్లెక్కేవాళ్ళు. అయితే దాంతో ఒక చిక్కొచ్చి పడింది. ఒక్కరోజు కారు కనబడకపోతే, ప్రసాద్ సార్ దివాలా తీశాడట, క్లాసులు మూసేస్తున్నాడట అని మధ్యాహ్నానికల్లా పుకారు. అందుకని ఎండైనా వానైనా, పండగైనా జ్వరమైనా, ఆ కారు రోజూ బయటికి వెళ్ళాలి, రోజూ ఇంటికి రావాలి.

గాలిలా పోతుందన్న కారు పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకి షేర్ ఆటోల వెనకాల, సిటీ బస్సుల పొగలో ముప్పావుగంట నడిచేది. క్లచ్ నొక్కీ నొక్కీ ఆయన ఎడమ మోకాలు వాచిపోయేది. రెండే సీట్లు కాబట్టి ముగ్గురూ కలిసి ఎక్కడికీ వెళ్ళింది లేదు. కూతురు శ్రీలేఖ కాలేజీకి బస్సులోనే పోయేది. డిక్కీలో కూరల సంచీ పడితే కొబ్బరికాయ పట్టదు. ఒకసారి బియ్యం బస్తాని పక్కసీట్లో కూర్చోబెట్టి, సీటుబెల్టు పెట్టి తెచ్చాడు. అపార్ట్‌మెంటులో వాళ్ళు బాల్కనీల్లోంచి చూసి ఎంత నవ్వారో. సీతామహాలక్ష్మి కూడా నవ్వింది. ఆ రోజుల్లో ఇంకా నవ్వేది.

ఇక చెక్కల సంగతి. కారు ఇంటికొచ్చిన మొదటి రోజే సెల్లారులోకి దిగుతుండగా ర్యాంపు చివర మూతి నేలకి గీసుకుని కర్రుమంది. నలుగురు మగవాళ్ళు చేరి తలా ఒక సలహా చెప్పారు. ఎవరి సలహా పనిచెయ్యలేదు. అప్పుడు సీతామహాలక్ష్మి చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని వచ్చి, పక్కన పాత సామాన్లలో ఉన్న రెండు పలకలు లాగి, మోచేతితో చక్రాల మధ్య దూరం కొలిచి, అక్కడే ర్యాంపు అడుగున పరిచింది. కారు వాటి మీదుగా మెత్తగా దిగిపోయింది. హనుమత్ప్రసాద్ అందరి ముందూ, "మా ఆవిడ చెయ్యి పడిందంటే ఇక ఈ కారుకి ఒక్క గీత పడదు" అన్నాడు. మొగుడు నలుగురిలో మెచ్చుకోవడం ఆవిడ పెళ్ళయ్యాక అదే మొదలు. ఆ ఒక్క మాట మీద ఆవిడ ఏడాది బతికింది.

ఆ పలకలు పల్చగా ఉన్నాయని ఆయన టింబర్ డిపోకి ఫోన్ చేసి మందంగా రెండు టేకు చెక్కలు కోయించి పంపించాడు. డిపో మనిషి వాటిని సెల్లారు గోడకి ఆనించి పోయాడు. అప్పటి నుంచి పొద్దున్న కారు బయటికి పోయేటప్పుడు చెక్కలు వెయ్యాలి, వేరేవాళ్ళ స్కూటర్లకి అడ్డం కాబట్టి వెంటనే తియ్యాలి. మధ్యాహ్నం భోజనానికి వచ్చేటప్పుడు మళ్ళీ. వెళ్ళేటప్పుడు మళ్ళీ. సాయంత్రం మళ్ళీ. ఒకసారి ఆవిడకి జ్వరమొస్తే రాజనర్సయ్య వేశాడు. ఒక చెక్క నాలుగు వేళ్ళు పక్కకి పడింది, కారు అడుగున గీత పడింది. ఆ ముసలాయన్ని హనుమత్ప్రసాద్ అన్న మాటలకి ఆయన మళ్ళీ ఆ చెక్కల జోలికి పోలేదు. ఈ పని కోసం ఆవిడ పుట్టింటికి పోయి ఒక రాత్రి ఉండి ఎరగదు, గుళ్ళో అర్చన పూర్తయ్యేదాకా నిలబడి ఎరగదు. వస్తున్నానని ఆయన ఫోన్ మోగితే చాలు, పొయ్యి కట్టేసి మెట్లు దిగేది.

ఆయనే దిగి వేసుకోవచ్చు కదా అని మీరడుగుతారు. అడగండి. మూడేళ్ళలో ఆ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆఖరికి ఆవిడకి కూడా రాలేదు.

సరే, ఆ పొద్దుటి మాటకొద్దాం. హనుమత్ప్రసాద్ భార్యని కారులో ఆస్పత్రికి తీసుకెళదామని తలుపు తెరిచాడు. రాజనర్సయ్య అడ్డం నిలబడ్డాడు.

"గా కారుల అమ్మను ఎట్ల కూసోవెడ్తరు సార్? మంచిగున్నోళ్ళకే వంగి దూరాలె. అమ్మ నడుం సుత ఇరిగిపోతది. జర ఆగుండ్రి, నేను ఆటో తోల్కొస్త."

ఎదురు ఫ్లాటు యేసుమణి రాత్రి డ్యూటీ దిగి అప్పుడే గేట్లోకొస్తోంది. పంజాగుట్టలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. చేతిలో సంచీ కింద పెట్టేసి, "కదపొద్దు, కదపొద్దు అన్నయ్య గారూ" అంటూ వచ్చి సీతామహాలక్ష్మి పక్కన కూలబడింది. ఇద్దరూ కలిసి ఆవిడని ఎలాగో ఆటోలోకి చేర్చారు.

హనుమత్ప్రసాద్ ఆటో కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో రక్తం లేదు. ఒకసారి భార్య వైపు, ఒకసారి వాచీ వైపు చూశాడు. "ఇవాళ కొత్త బ్యాచ్ మొదటి క్లాసు. రెండొందల మంది వచ్చి కూర్చుంటారు... గంటలో వచ్చేస్తాను సీతా. యేసుమణమ్మా, కొంచెం చూస్తావా?" అన్నాడు. యేసుమణి నోరు తెరిచి ఏదో అనబోయింది. సీతామహాలక్ష్మి ఆమె చెయ్యి నొక్కింది. "వెళ్ళిరండి" అంది భర్తతో. ఆటో కదిలాక మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడువక్కా, ఏడువు. ఇక్కడ ఎవరున్నారని?" అంది యేసుమణి.

"నొప్పికి కాదు మణీ..." అంది ఆవిడ. ఆ హారన్ చెవిలోంచి పోలేదు.

ఆస్పత్రిలో నడుముకి ఎక్స్‌రే ఫొటోలు తీశారు. డాక్టరు వాటిని వెలుతురుకి పెట్టి చూసి, "ఇంట్లో బరువులేమైనా ఎత్తుతారా అమ్మా?" అని అడిగాడు.

"అబ్బే, లేదండీ. మామూలు ఇంటి పనులే."

యేసుమణి ఇక ఆగలేకపోయింది. "రోజుకి నాలుగు సార్లు టేకు చెక్కలు ఎత్తి దింపుతుంది సార్. కారుకి."

డాక్టరుకి అర్థం కాలేదు. "కారుకి చెక్కలేంటమ్మా?" అన్నాడు. యేసుమణి వివరంగా చెప్పింది. చెబుతున్నంతసేపూ సీతామహాలక్ష్మి సిగ్గుతో తల తిప్పుకుంది, ఏదో దొంగతనం బయటపడినట్టు. డాక్టరు ఫొటోలు పక్కన పెట్టాడు. తరవాత, "నరం నొక్కుకుపోయింది. ఆరు వారాలు మంచం దిగకూడదు. ఆ తరవాత కూడా జన్మలో బరువు ఎత్తకూడదు. ఇంకొక్కసారి ఇలా అయిందా, ఆ కాలు పడిపోతుంది. ఆపరేషన్ చేసినా నడుస్తారని నేను హామీ ఇవ్వలేను" అని మెల్లగా చెప్పాడు.

హనుమత్ప్రసాద్ చెడ్డవాడు కాదు. అది ముందే చెప్పాలి, చెప్పకపోతే పాపం. చెప్పినట్టే క్లాసు ముగించుకుని ఆస్పత్రికి ఉరుక్కుంటూ వచ్చాడు. డాక్టరు మాట విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక పొద్దున్నే లేచి మంచినీళ్ళ బిందెలు తనే పట్టాడు. గ్యాసు సిలిండరు తనే దొర్లించాడు. బియ్యం డబ్బా అటక మీద నుంచి దింపి కింద పెట్టాడు. "ఇక నువ్వు ఏ బరువూ ముట్టుకోకు సీతా, అన్నీ నేను చూసుకుంటా" అన్నాడు. నిజంగానే అన్నాడు. కానీ ఆ బరువుల్లో చెక్కలు లేవు! ఆయన వాటిని ఒక్కనాడూ ఎత్తలేదు. ఆయన కంటికి అవి కారులో కూర్చుంటే అద్దంలోంచి కనిపించే ఆవిడ చేతిలోని పలకలు, అంతే. యేసుమణి చెబుతానంటే సీతామహాలక్ష్మే వద్దంది. "ఆయనకి తెలియాలి గానీ మనం చెబితే ఏం బావుంటుంది?" అంది.

ఆ రోజు నుంచి ఎనిమిది రోజులు కారు సెల్లారులోనే ఉంది. ఆయన షేర్ ఆటోలో వెళ్ళొచ్చాడు. రోజురోజుకీ మొహం వాడిపోయింది. ఐదో రోజు మంచం పక్కన కూర్చుని, ఆవిడ పాదం ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తూ, "పక్క బిల్డింగువాడు నేను కారు అమ్మేసుకున్నానని చెబుతున్నాడట. నిన్న ఎనిమిది మంది పేర్లు వెనక్కి తీసుకున్నారు" అన్నాడు. కాసేపాగి, "ఇంకా ఎన్ని రోజుల్లో లేస్తావు సీతా?" అని అడిగాడు.

ప్రేమగానే అడిగాడు. చేతులు పాదం రాస్తూనే ఉన్నాయి. అయినా ఆవిడకి ఆ మాటతో ఒళ్ళంతా నిస్సత్తువ కమ్మింది. తను లేవడం ఎవరి కోసం? గోడ వైపు తిరిగి, "తొందరగానే లేస్తాలెండి" అంది. ఆ నూనె రాసిన పాదంలో ఆయన చెయ్యి తగులుతున్నట్టు తెలియడం లేదని కూడా చెప్పలేదు. చెప్పడానికి ఓపిక ఉండాలి కదా... ఇరవై రెండేళ్ళు చెప్పనివన్నీ ఒక్కసారే చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

పదోరోజు పొద్దున్న కారు ఇంజన్ చప్పుడైంది. ముందురోజు కూడా వినిపించిందేమో, మందుల మత్తులో కల అనుకుంది. ఇవాళ కల కాదు. వెంటనే కింద ధబ్బుమని ఒక చప్పుడు. చెక్క నేల మీద పడిన చప్పుడు అది. ఆవిడ నిద్రలో కూడా గుర్తుపట్టగలదు. రాజనర్సయ్య వేస్తున్నాడనుకుంది. పోనీలే, ముసలాయన మనసు మారిందన్నమాట అనుకుంది. అంతలో కిందనుంచి భర్త గొంతు వినిపించింది.

"కొంచెం ఎడమకి జరపమ్మా. ఆ... ఇంకొంచెం."

అమ్మా... ఆయన రాజనర్సయ్యని అమ్మా అనడు కదా! సీతామహాలక్ష్మి మంచం కోడు పట్టుకుని లేచింది. పడకగది కిటికీ సరిగ్గా ర్యాంపు మీదికే. ఊచలు పట్టుకుని కిందికి చూసింది.

శ్రీలేఖ. పదిహేడేళ్ళ పిల్ల. ఎంసెట్ రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న పిల్ల. చుడీదార్ చున్నీ నడుముకి బిగించి, వంగి, చెక్క ఒక కొస ఎత్తి, మోకాలు ఆసరా పెట్టి జరుపుతోంది. జరిపాక మోచేయి ఆన్చి దూరం కొలిచింది. అచ్చంగా తనలాగే! ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళు ఈ కిటికీలోంచి చూసి నేర్చుకుంది.

సీతామహాలక్ష్మి ఇన్నాళ్ళూ అనుకున్నది ఒకటే. నా ఒంట్లో ఓపికున్నంత కాలం చేస్తాను, తరవాత సంగతి తరవాత. తరవాత అంటే ఇదని ఆవిడకి తోచలేదు. తను నోరు మూసుకుని మోసినదంతా తనతో పోదా? ఇలా పిల్ల చేతుల్లోకి వస్తుందా? తన నడుం పోతే పోయింది, అది తన ఖర్మ అనుకుంది. పిల్ల నడుం కూడానా? పెళ్ళి కావాల్సిన పిల్ల, రేపు బిడ్డల్ని కనాల్సిన పిల్ల... ఆవిడకి డాక్టరు మాట గుర్తుంది. కాలు పడిపోతుందన్న భయమూ ఉంది. అయినా గోడ పట్టుకుని, తలుపు తీసి, మెట్ల కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. ఎడమకాలు చెప్పిన మాట వినడం లేదు. ఈడ్చుకుంటూనే దిగింది. ఆ పదహారు మెట్లకి పట్టినంతసేపు ఆవిడకి కాన్పుకి కూడా పట్టలేదు.

"శ్రీలేఖా, అది కింద పెట్టు."

పిల్ల ఉలిక్కిపడి వెనక్కి చూసింది. "అమ్మా, నువ్వెందుకు లేచావు? నేను వేస్తున్నా కదా."

"కింద పెట్టమన్నాను."

కారు అద్దం దిగింది. హనుమత్ప్రసాద్ మెడ సాచి బయటికి చూశాడు. "ఏంటి సీతా ఇది? డాక్టరు లేవద్దన్నాడా లేదా? వెళ్ళి పడుకో. పాప వేసేస్తుంది. దానికి బాగా వచ్చేసింది కూడా. నిన్న నాలుగు సార్లు వేసింది, ఒక్క గీత పడలేదు."

ఆ మాటకి శ్రీలేఖ మొహం వెలిగింది. చెమట పట్టిన ఆ చిన్న మొహంలో గర్వం! సీతామహాలక్ష్మి అది చూసింది. ఆ వెలుగు ఆవిడకి కొత్త కాదు. ఆ ఒక్క మాటకి ఆశపడే కదా తను మూడేళ్ళు వంగింది. ఆవిడ కారు ముందుకి వచ్చి, కూతుర్ని చేత్తో పక్కకి జరిపి, తను నిలబడింది. ఒక చెయ్యి కారు మూతి మీద ఆన్చింది. 

"మీరు దిగండి."

"ఏడున్నరకి బ్యాచ్ సీతా..."

"దిగండి. దిగి ఒక చెక్క ఎత్తండి. ఒక్కటి చాలు. ఎత్తాక మీ ఇష్టం, దాని చేత వేయించుకోండి, నా చేత వేయించుకోండి. నేను మాట్లాడను."

ఆవిడ ఆయనతో అలా మాట్లాడటం ఎప్పుడూ లేదు. ఆయనకి కోపం రావాలి, రాలేదు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. వాచిన మోకాలు పట్టుకుని, కారు కప్పు మీద చెయ్యి వేసి, లేచి వచ్చాడు. టై కట్టుకుని ఉన్నాడు. గోడకి ఆనించిన రెండో చెక్క దగ్గరికి వెళ్ళి, ఒక్క చేత్తో పట్టి లాగాడు. చెక్క కదల్లేదు. రెండో చెయ్యి కూడా వేశాడు. నడుం వంచి, పళ్ళు బిగించి ఎత్తాడు. మోకాళ్ళ దాకా వచ్చింది. నాలుగడుగులు వేసేసరికి ముక్కుతో ఊపిరి పీల్చడం చాలక నోరు తెరిచాడు. ఆగిపోయాడు. దాన్ని అలాగే పొట్టకి ఆనించుకుని భార్య వైపు చూశాడు.

"ఇది... ఇంత బరువేంటి?"

రాజనర్సయ్య చీపురు పట్టుకుని తల దించుకున్నాడు.

"మొదట్నుంచీ ఇంతేనా సీతా?"

"వానాకాలంలో ఇంకొంచెం ఎక్కువుంటాయండీ. నీళ్ళు పీలుస్తాయి కదా."

మామూలుగా చెప్పింది. కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు చెప్పింది. హనుమత్ప్రసాద్ చేతుల్లోంచి చెక్క జారింది. ఆయన దాని పక్కనే, ఇస్త్రీ ప్యాంటుతో, సెల్లారు మట్టిలో కూర్చుండిపోయాడు. 

"మరి ఒక్కసారైనా చెప్పలేదే?" అన్నాడు చివరికి.

"చెబుదామనే అనుకున్నాను. మొదటిరోజే మీరు నలుగురిలో మెచ్చుకున్నారు. ఆ తరవాత ఎలా చెప్పాలో తెలియలేదు. మీరేమో ఎప్పుడూ ఎత్తి చూడలేదు."

"ఆ రోజు... నువ్వు పడిపోయినప్పుడు... నేను హారన్ కొట్టాను."

"మీకు కనపడలేదులెండి. నాకు తెలుసు."

"కనపడలేదు. కానీ కొట్టాను కదా సీతా..." ఆయన మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "పది రోజులుగా క్లాసులో ఏం చెబుతున్నానో నాకే తెలియడం లేదు. నీ మొహంలోకి చూడటానికే భయమేస్తోంది. నువ్వు ఒక్క మాటైనా తిడితే బావుండేది."

సీతామహాలక్ష్మికి అప్పుడు ఏడుపొచ్చింది. ఆ పొద్దున్న ఆటోలో కుక్కుకున్నదంతా ఇప్పుడొచ్చింది. శ్రీలేఖ వచ్చి తల్లి నడుం చుట్టూ చెయ్యి వేసి నిలబెట్టింది. ఎవరిదో స్కూటర్ ర్యాంపు పైన వచ్చి ఆగింది. ఆ మనిషి కింద జరుగుతున్నది చూసి, స్కూటర్ ఇంజన్ కట్టేశాడు.

"అమ్మేస్తాను. ఇవాళే ఎవరికైనా చెబుతాను" అన్నాడు హనుమత్ప్రసాద్.

"అమ్మితే అమ్మండి, లేకపోతే ఉంచుకోండి. దాన్ని చూసి వచ్చేవాళ్ళు రాకపోతే మానతారు, మీ పాఠం కోసం వచ్చేవాళ్ళు వస్తారు. అదంతా ఆలోచించే ఓపిక ఇప్పుడు నాకు లేదండీ. నేను చెప్పేది ఒకటే. నేను ఎత్తను. అది ఎత్తదు. ఈ రాజనర్సయ్యా ఎత్తడు. మీకు కావాలంటే మీరు ఎత్తుకోండి."

ఆయన తలూపాడు. లేచి, పడిన చెక్కని మళ్ళీ రెండు చేతులా ఎత్తి గోడ దాకా మోశాడు. తరవాత రెండోది. "నేను పట్టుకుంట సార్" అని రాజనర్సయ్య ముందుకొస్తే, "వద్దు పెద్దాయనా" అన్నాడు. ఎప్పుడూ పేరు పెట్టి కేకేసే మనిషి పెద్దాయనా అన్నాడు. తరవాత ఆయనే భార్యని ఒకవైపు, కూతురు ఇంకోవైపు పట్టుకుని పైకి తీసుకొచ్చారు. మెట్టు మెట్టుకీ ఆగి తీసుకొచ్చారు. మంచం మీద పడుకోబెట్టాక ఆయన ఆవిడ ఎడమపాదం పట్టుకుని, "ఇక్కడ తెలుస్తోందా?" అని అడిగాడు. "లేదు" అంది. ఈసారి నిజం చెప్పింది. ఆయన గబగబా వెళ్ళి యేసుమణి తలుపు తట్టాడు.

యేసుమణి వచ్చి చూసి, సూదితో వేళ్ళు ఒక్కొక్కటీ గుచ్చింది. రెండు వేళ్ళలో తెలిసింది, మూడింట్లో తెలియలేదు. "సాయంత్రం డాక్టరు దగ్గరికి మళ్ళీ తీసుకెళదాం అన్నయ్య గారూ. పూర్తిగా పోలేదు. ఇక కదలకపోతే వస్తుంది, కొంచెం కుంటు మిగిలితే మిగలొచ్చు" అంది. కుంటు మిగులుతుందన్న మాట విని హనుమత్ప్రసాద్ గోడకి ఆనుకున్నాడు. సీతామహాలక్ష్మి మాత్రం ఆ మాటని మామూలుగానే తీసుకుంది. కూతురి నడుం తిన్నగా ఉంది, చాలు.

ఏడున్నరకి ఆయన మొహం కడుక్కుని, మట్టైన ప్యాంటు మార్చుకుని, అమీర్‌పేటకి నడిచి వెళ్ళాడు. క్లాసుకి ఆలస్యమవుతుందని తెలిసే నడిచి వెళ్ళాడు. వెళ్ళేముందు పడకగది తలుపు దగ్గరికేసి, పెదాల మీద వేలు పెట్టి కూతురికి మెల్లగా చెప్పాడు.

"అమ్మని లేపకు. ఎవరు ఫోన్ చేసినా లేపకు, నేను చేసినా లేపకు."

సీతామహాలక్ష్మి ఆ మాట సగం నిద్రలో విన్నది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక సూర్యుడు నడినెత్తికి వచ్చేదాకా ఆవిడ ఆదమరిచి నిద్రపోయింది ఆ ఒక్కనాడే. లేచేసరికి పన్నెండైంది. వంటింట్లోంచి ఆయన గొంతు, కూతురి గొంతు వినిపిస్తున్నాయి. చారులో చింతపండు ఎక్కువైందా తక్కువైందా అని ఇద్దరూ గుసగుసగా వాదించుకుంటున్నారు. ఆవిడ లేవలేదు. పిలవలేదు. వాళ్ళు తెచ్చి పెట్టేదాకా అలాగే పడుకుంది.